కాళ్ళమ్మ కాలు

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. రోగులకీ, నర్సులకీ, గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కీ ఆవిడ కాళ్ళమ్మ. ఎదురుపడ్డ మనిషిని బాగున్నారా అని అడిగే అలవాటు ఆవిడకు లేదు. "ఏవీ, కాళ్ళు చూపించండి" అంటుంది. ఒకసారి ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరు గారు ఆ గొంతుకి హడలిపోయి, చెప్పు విడిచి కాలెత్తి చూపించేశారు. వార్డంతా నెలరోజులు నవ్వుకుంది.

అది కుష్ఠు ఆసుపత్రి. ఆ జబ్బుకి మందుంది, శుభ్రంగా నయమవుతుంది, నయమైనవాళ్ళ నుంచి ఎవరికీ అంటుకోదు. అయితే అది పోతూ పోతూ కొందరి నరాలు తినేసి పోతుంది. అలాంటివాళ్ళకి కాలిలో మేకు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. నొప్పి ఇంటి కాపలా కుక్కలాంటిది. మొరిగితే విసుక్కుంటాం గానీ, అది లేని ఇంట్లో దొంగ పడ్డ సంగతి తెల్లారితే గానీ తెలియదు. అందుకని రోజూ సాయంత్రం వెలుతురు ఉండగానే చిన్న అద్దం పట్టుకుని ఎవరి అరికాళ్ళు వాళ్ళు చూసుకోవాలి. కాళ్ళమ్మ ఉద్యోగమల్లా వాళ్ళచేత ఆ పని చేయించడం. చెప్పి, బతిమాలి, ఆ రెండూ పని చెయ్యకపోతే తిట్టి మరీ చేయించేది.

వాళ్ళాయన అదే ఆవరణలో చెప్పుల షెడ్డు చూస్తాడు. అందరికీ ఆయన మేస్త్రి. మెత్తటి రబ్బరు కోసి, ఒక్కో కాలి వంకరకి తగ్గట్టు అరగదీసి, దారంతోనూ జిగురుతోనూ చెప్పులు చేస్తాడు. ఆ షెడ్డులో మేకు అన్నది కనపడకూడదు. గోడకి క్యాలెండరు తగిలించడానికి కూడా ఆయన మేకు కొట్టనివ్వలేదు.

మేస్త్రికి ఒక్కడికే తెలిసిన సంగతి ఒకటుంది. కాళ్ళమ్మకి పదహారో ఏట, వేరే ఊళ్ళో, ఆ జబ్బే వచ్చింది. నయమైంది. కుడి పాదం మాత్రం మొద్దుబారిపోయింది. మేస్త్రి పని నేర్చుకునే రోజుల్లో మొదటిసారి సొంతంగా కుట్టిన జత ఆ పాదాలకే. కొలతలు ఒకసారి తీసుకుంటే సరిపోయేదానికి నాలుగుసార్లు తీసుకున్నాడు. నాలుగోసారికి ఆవిడ, "ఇంకా కొలవాలంటే మా నాన్నని అడగండి" అంది. అడిగాడు. ఇరవై రెండేళ్ళయింది పెళ్ళయి. ఒక్కగానొక్క కూతురు చదువుకుని ఉద్యోగంలో కుదురుకుంది.

ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తలో, తన సంగతి చెబితే నలుగురూ ఎలా చూస్తారో అని కాళ్ళమ్మ నోరు విప్పలేదు. ఏడాది గడిచాక చెప్పడానికి మొహం చెల్లలేదు. తొమ్మిదేళ్ళు గడిచాక ఇక చెప్పేదేముంది? సాయంత్రం ఇంట్లో తలుపు వేసుకుని అద్దం పెట్టుకుని చూసుకునేది, అంతే.

ఆఫ్రికా పిలుపు అలాంటప్పుడు వచ్చింది. అక్కడొక కుష్ఠు ఆసుపత్రిలో చెప్పుల షెడ్డు పెట్టాలి, ఊళ్ళు తిరిగి జనానికి కాళ్ళు చూసుకోవడం నేర్పాలి, భార్యాభర్తలిద్దరూ పనివాళ్ళయితే మేలు అని మిషనువాళ్ళు ఉత్తరం రాశారు. ఇలాంటి ఉత్తరం కోసం ఆ దంపతులు ఎన్నేళ్ళుగా మోకరించారో దేవుడికే తెలుసు. మేస్త్రి ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మన ఉద్యోగాల్ని ఎదురుగా పెట్టుకుని రాసినట్టుందే!" అన్నాడు.

ఇక చూడాలి ఆ హడావుడి. సూదిమందులు వేయించుకుని ఇద్దరూ రెండ్రోజులు మూలుగుతూ పడుకున్నారు. అక్కడి భాష ఫోనులో పాఠాలు పెట్టుకుని నేర్చుకున్నారు. మేస్త్రి షెడ్డులో కూర్చుని పాదాల ఆకారంలో ఉండే చెక్క అచ్చులకి వరసగా ఆ భాషలో నమస్కారాలు చెప్పేవాడు. ఆ అచ్చులన్నీ పెట్టెలో సర్దుతుంటే ఆవిడకి నవ్వాగలేదు.

"పెట్టె నిండా కాళ్ళేనాండీ? విమానం దగ్గర తెరిచి చూస్తే మనల్ని పట్టుకుపోతారు."

"పట్టుకుపోతే వాళ్ళకీ చెప్పులు కుట్టి పెడతాను. నువ్వు వాళ్ళ కాళ్ళు చూద్దువుగాని."

నవ్వులన్నీ ఫారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. మూడో పేజీలో, ఇదివరకు వచ్చిన పెద్ద జబ్బులు రాయమని ఒక గీత ఉంది. కిందటేడు ఒకాయన్ని షుగరుందని పంపలేదని ఆవిడ వింది. షుగరుకే అలా అంటే దీనికేమంటారు? కలం పట్టుకుని పావుగంట కూర్చుని, ఆ గీత ఖాళీగా వదిలేసి, కాగితం మడిచి ఆయనకిచ్చింది. ఆయన చదవకుండా సంతకం పెట్టేశాడు. పెళ్ళాం రాసింది చదివి సంతకం పెట్టే రకం కాదు ఆయన.

ఇంటర్వ్యూకి వెళ్ళే రోజున ఆవిడ ఇంకో పని చేసింది. మేస్త్రి కుట్టిన లావుపాటి చెప్పులు ఆసుపత్రిలో అయితే మొగుడి పనితనం కింద చెల్లిపోయేవి గానీ, బయట చూస్తే ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారని, బజారులో సన్నటి పట్టీల చెప్పులు కొనుక్కుని వేసుకుంది. ఆయన ముందే వెళ్ళి బస్సు దగ్గర నిలబడ్డాడు, ఆ తర్వాత చీర కుచ్చిళ్ళు కప్పేశాయి కాబట్టి చూడలేదు. బస్సు దిగాక అర కిలోమీటరు నడక. మూడంతస్తుల మెట్లు. గదిలో బల్ల వెనకాల మిషను తరఫున ఒక పాస్టరు గారూ, ఉద్యోగం విరమించిన పెద్ద డాక్టరమ్మా కూర్చుని ఉన్నారు. నేల తెల్లటి పలకలు, అద్దంలా తుడిచి ఉంది.

ప్రశ్నలు బాగా సాగాయి. ఆవిడ ధాటిగా చెబుతోంది, ఆయన తలూపుతున్నాడు. నడుమ పాస్టరు గారు కిందికి చూసి, "అయ్యో, ఇదేమిటి? రక్తం!" అన్నారు. గుమ్మం నుంచి బల్ల దాకా ఎర్రటి మరకలు ఉన్నాయి.

కాళ్ళమ్మ గబుక్కున లేచింది. "ఎవరికి తగిలిందండీ? ఏవీ, అందరూ కాళ్ళు చూపించండి!" అంటూ ముందు పాస్టరు గారి కాళ్ళు చూసింది, డాక్టరమ్మ కాళ్ళు చూసింది, మొగుడి కాళ్ళు చూసింది. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులని ఊరికే అన్నారా!

మేస్త్రి మాత్రం ఆవిడ కాలికేసి చూస్తున్నాడు. "కూర్చో" అన్నాడు. వంగి ఆ చెప్పు విప్పాడు.

కొత్త చెప్పుకి మడమ దగ్గర మేకు పైకి పొడుచుకొచ్చింది. బస్సు దిగిన దగ్గర్నుంచీ అడుగడుగునా దిగుతూనే ఉంది. డాక్టరమ్మ వంగి, గాయం కడిగి, వేలితో చుట్టూ నొక్కి, ఆవిడ మొహంలోకి చూసింది. ఆ మొహంలో నొప్పి లేదు, సిగ్గొక్కటే ఉంది.

"మూడో పేజీలో ఒక గీత ఖాళీగా ఉంది. మరిచిపోయారేమో అనుకున్నాను" అంది డాక్టరమ్మ.

"మరిచిపోలేదండీ. భయపడి వదిలేశాను."

"నయమైన జబ్బుకి నాకేం అభ్యంతరం లేదమ్మా. రాసి ఉంటే సంతోషించేదాన్ని. కానీ దాచే మనిషిని నేనెలా నమ్మను? తన కాలే చూసుకోని మనిషిని ఊళ్ళ మీద ఎలా తిప్పను?" కట్టు కడుతూ మళ్ళీ అంది. "ఆరు వారాలు కాలు కింద పెట్టకండి. తర్వాత నేనే వచ్చి చూస్తాను. ఈలోగా మేస్త్రి గారు ఒక్కరూ వెళ్తానంటే పంపిస్తాం."

ఆ రోజు నుంచి కాళ్ళమ్మకి ఆడవాళ్ళ వార్డులో మంచం వేశారు. మేస్త్రి ఆ చెప్పులోంచి మేకు పట్టకారుతో లాగి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నాకొక్క మాట చెప్పి ఉంటే సన్నటి పట్టీలతోనే కుట్టిచ్చేవాణ్ణి కదే" అన్నాడు.

అరిచి ఉంటే బాగుండేది. ఆ మాటకి ఆవిడ బావురుమంది. "నాకోసం ఆగకండి. మీరైనా వెళ్ళండి."

"వెళ్ళి ఏం చెయ్యను? చెప్పులు నేను కుట్టిస్తాను. వేసుకోమని వాళ్ళని తిట్టేదెవరు? నాకు తిట్టడం రాదు." ముక్కు చీదుకుని, "వెళ్తే ఇద్దరం. లేకపోతే ఆ అచ్చులు మళ్ళీ షెడ్డులోకే" అన్నాడు.

పక్క మంచం పెద్దమ్మది. వార్డులో అందరికంటే మొండి మనిషి. కాళ్ళమ్మ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆవిడ ఎడమ అరికాలు పుండు లేకుండా ఒక్క నెల ఉన్నది లేదు. అద్దం ఇస్తే జుట్టు దువ్వుకుంటుంది. కాలు చూసుకోమంటే, "నువ్వున్నావుగా చూడ్డానికి. నీ జీతం పుణ్యానికే ఇస్తున్నారా?" అంటుంది. విసుక్కుంటూనే తొమ్మిదేళ్ళుగా రోజూ కాళ్ళమ్మే ఆ కాలు చూస్తోంది.

మొదటిరోజు కాళ్ళమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. వార్డంతా గుసగుసలాడుతుందని చెవులు మూసుకుంది.

"ఏంటే అమ్మాయ్, మొహం చాటేస్తున్నావు? మాకు తెలీదనుకున్నావా?" అంది పెద్దమ్మ.

"ఏం తెలుసు?"

"మా కాళ్ళు నానబెట్టే నీళ్ళు కాగాయో లేదో నర్సులు వేలు పెట్టి చూస్తారు. నువ్వు మోచెయ్యి పెట్టి చూస్తావు. వేళ్ళకి వేడి తెలియకపోవచ్చని మాలాంటివాళ్ళకి నేర్పే పని అది. మా కాళ్ళు మొద్దుబారాయి గానీ కళ్ళకేం రోగం?"

కాళ్ళమ్మ ఇటు తిరిగింది. "మరి ఇన్నేళ్ళూ ఒక్కరూ అడగలేదేం?"

"నువ్వు దాచుకున్నదాన్ని మేమెందుకు కెలుకుతాం? చెప్పబుద్ధయినప్పుడు అదే చెబుతుందిలే అనుకున్నాం. నాకంటే మొండిదానివి నువ్వు."

కాళ్ళమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తొమ్మిదేళ్ళుగా తాను వీళ్ళని కనిపెట్టుకుని ఉన్నాననుకుంది. వీళ్ళు తనని కనిపెట్టుకుని ఉన్నారు. ఆ పూట ఆవిడ చేసిన ప్రార్థనలో అడగడాలేమీ లేవు. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో మంచాల వరసన చెప్పుకుంటూ పోయేసరికి నర్సు కట్టు మార్చడానికి వచ్చేసింది.

మర్నాటి సాయంత్రం నుంచి వార్డు మొత్తం కచ్చ తీర్చుకుంది. ఒకరి తర్వాత ఒకరు అద్దం పట్టుకుని రావడం, "ఏవీ, కాళ్ళు చూపించండి" అనడం. కట్టు లేని కాలు కూడా వదిలిపెట్టలేదు. ఒకావిడైతే కాళ్ళమ్మ గొంతే పెట్టి, "ఎన్నిసార్లు చెప్పాలి మీకు!" అని కసిరింది. కాళ్ళమ్మ బుద్ధిగా కాళ్ళు చాపేది. వాళ్ళు కూడా పక్కనే కూర్చుని తమ కాళ్ళు తిరగేసేవాళ్ళు. తిట్టకుండా వాళ్ళు ఆ పని చెయ్యడం ఆవిడ అదే మొదటిసారి చూడటం.

పెద్దమ్మ మాత్రం లొంగలేదు. "నువ్వు లేచాక చూద్దువుగానిలే. నా కాలెక్కడికీ పోదు" అని దుప్పటి కప్పేసుకునేది. కట్టు కట్టడానికి వచ్చిన నర్సుని కూడా తరిమేది. పక్క మంచం మీదే ఉన్నా దిగడానికి లేదాయె, కాళ్ళమ్మ ప్రాణం కొట్టుకులాడేది. తన గాయం మానుతున్నకొద్దీ బెంగ ఎక్కువైంది. పంపించమని దేవుణ్ణి అడుగుతూనే, ఈవిణ్ణి ఇలా వదిలేసి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకునేది.

ఆరు వారాలు నిండిన రోజున పెద్ద డాక్టరమ్మ వచ్చింది. మంచం మీద కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది. గాయం పూర్తిగా మానింది.

"అక్కడికి వెళ్ళాక కాలు చూసుకోవడం మళ్ళీ మరిచిపోరని నమ్మకమేమిటి?"

మంచం పక్కన మేస్త్రి నిలబడి ఉన్నాడు. కాళ్ళమ్మ తడుముకోలేదు.

"మరిచిపోతానేమోనండీ. నన్ను నేను నమ్ముకుంటే ఇలాగే అవుతుంది. నా కాలు ఆయన్ని చూడమంటాను. అక్కడివాళ్ళకి మొదటిరోజే చూపిస్తాను, వాళ్ళనీ చూడమంటాను. ఇక దాచుకునే ఓపిక లేదు నాకు."

డాక్టరమ్మ ఆ పాదాన్ని మెల్లగా మంచం మీద పెట్టింది. "తిట్టేవాళ్ళు మా దగ్గర చాలామంది ఉన్నారమ్మా. చూపించేవాళ్ళే లేరు. ఇద్దరూ బయలుదేరండి" అంది.

వార్డులో చప్పట్లు మోగాయి. మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడి, అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. దేవా, దేవా అని తప్ప ఆయనకి ఇంకో మాట రాలేదు.

కాళ్ళమ్మ నేల మీద కాలు మోపింది. ఒక అడుగు, రెండడుగులు వేసింది. తిన్నగా పెద్దమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, మాటా పలుకూ లేకుండా దుప్పటి తొలగించి, ఎడమ కాలు చేతుల్లోకి తీసుకుంది. ఏం చూడాల్సి వస్తుందోనని భయపడుతూనే అరికాలు తన వైపు తిప్పుకుంది.

అరికాలు శుభ్రంగా ఉంది. నూనె రాసి మెత్తగా ఉంది. తొమ్మిదేళ్ళుగా పుండున్న చోట లేత చర్మం వచ్చింది.

"పెద్దమ్మా, పుండు మానిపోయింది!"

"నాకు తెలుసు. పొద్దున్నే చూసుకున్నా." పెద్దమ్మ కిటికీవైపు చూస్తూ అంది. "రోజూ చూసుకుంటున్నా, నువ్వు కునుకు తీసినప్పుడు. నేనే కడుక్కున్నా, నేనే కట్టు కట్టుకున్నా."

"మరి నాకు చెప్పొచ్చు కదా! ఆరు వారాలు చచ్చిపోయాను నేను."

"మానితే చెబుదామనుకున్నా. మానకపోతే నాకోసం నువ్వు వెళ్ళకుండా ఆగిపోతావు, నాకు తెలుసు." ఆవిడ కాలు వెనక్కి లాక్కుని దుప్పటి సర్దుకుంది. "ఇక పో. అక్కడెవరికో నాలాంటిదానికి పుండుంటుంది."