కొత్త టైరు పడని బుచ్చిబాబు

కొందరికి వంకాయ పడదు, కొందరికి గోంగూర పడదు. బుచ్చిబాబుకి కొత్త టైరు పడదు. రోడ్డు మీద అరిగి నున్నబడ్డ టైరు కనిపిస్తే చాలు, పెళ్లి పంక్తిలో బూరెల గంప వస్తున్నట్టు మొహం వెలిగిపోయేది. కొత్తది చూపిస్తే మాత్రం ఆముదం తాగినట్టు ముడుచుకునేది.

ఈ జబ్బుతో ఎక్కువ బాధపడింది బుచ్చిబాబు కాదు, ఆయన బావమరిది యుగంధర్. పాపం, అతనికి గుడివాడలో టైర్ల కొట్టుంది. మిఠాయి కొట్టువాడి ఇంటికి షుగరు అల్లుడొచ్చినట్టయింది అతని బతుకు.

జబ్బుకి మూలం కేబుల్ టీవీ. రెండువేల మూడులో ఒకనాడు, జపాను కుర్రాళ్లు కార్లను పక్కకి జారిస్తూ నడపడం చూశాడు బుచ్చిబాబు. దాన్ని డ్రిఫ్టింగ్ అంటారట. దివిసీమలో పుట్టి, పీతల నడక చూస్తూ పెరిగినవాడు కదా, "ఇదేం బ్రహ్మవిద్య?" అనుకున్నాడు. అప్పటికి వయసు నలభై దాటింది. బుద్ధి సంగతి ఎవరూ అడగలేదు.

దానికి వెనక చక్రాలతో నడిచే కారు కావాలి, చవగ్గా రావాలి. కృత్తివెన్నులో రొయ్యల చెరువు గట్టున, మేత బస్తాలకి కాపలా కాస్తూ ఒక అంబాసిడర్ దొరికింది. తానుండే మొవ్వకి తెచ్చి ఎన్నిసార్లు కడిగినా రొయ్యల వాసన మాత్రం కారుతోనే ఉండిపోయింది. బరువు తగ్గాలని వెనక సీటు పీకేస్తే, బుచ్చిబాబు భార్య రాజకుమారి దాన్ని వరండాలో వేసి చుట్టాలని కూర్చోబెట్టేది. వెనక చక్రాలు రెండూ ఒక్కటిగా తిరగాలని డిఫరెన్షియల్‌కి వెల్డింగ్ చేయించాడు. చేసింది నూకరాజు, కిటికీ గ్రిల్స్ స్పెషలిస్టు. ఆ తర్వాత కారు బజార్లో మలుపు తిరిగితే, కోడి గొంతు నులిమారేమోనని జనం బయటికొచ్చి చూసేవాళ్లు.

"ఆ కారుకి పూసే గ్రీజులో పావు వంతు శ్రద్ధ నా మీద పెడితే, ఈపాటికి నేనూ పక్కకి నడుద్దును!" అనేది రాజకుమారి.

మూతబడ్డ సొంత మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లమే ఆయన మైదానం. నీళ్లు చల్లి, నడిమధ్య డ్రమ్ము పెట్టి, దాని చుట్టూ జారుతూ తిరగాలి. ప్రతిసారీ పాపం డ్రమ్మే దెబ్బలు తినేది.

"వెనక టైరు జారాలోయ్. ముందు టైరుకి మాత్రం పట్టుండాలి. ముందూ జారితే దాన్ని డ్రిఫ్టింగ్ అనరు, ఖర్మ అంటారు" అని బావమరిదికి పాఠం చెప్పేవాడు.

"మరి మొన్న నా కొట్లో కొన్న జత ఏమైంది బావా?"

"పడలేదోయ్. మార్చేశాను."

మార్చేది సత్యవేదంతో. అతను కాలవగట్టు మీదుగా చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్ని తన అంబాసిడర్‌లో మొవ్వ బడికి తెచ్చేవాడు. ఊరికే ఇస్తానంటే మంచినీళ్లు కూడా పుచ్చుకోని రోషగాడు.

"ఎంత నున్నగా ఉందయ్యా నీ టైరు! దణ్ణం పెడతాను, నాకిచ్చెయ్."

"ఊరికే అరిగిందేంటండీ ఇది? ఎంత కష్టపడితే ఈ నునుపొచ్చిందో!"

"బదులు నా కొత్తది తీసుకోవయ్యా."

సత్యవేదం బోలెడంత బెట్టు చేసి ఒప్పుకునేవాడు. మలుపు తిరిగేదాకా నవ్వు ఆపుకోవడం అతనికి గగనమయ్యేది.

చివరికి రాజకుమారికి విసుగొచ్చింది. "శనివారం సాయంత్రం డ్రమ్ముకి తగలకుండా ఒక్క చుట్టు తిరగండి. తగిలిందా, కారు తూకానికే. మా తమ్ముడే జడ్జి."

బుచ్చిబాబు పరుగున గుడివాడ వెళ్లి ముందు చక్రాలకి కొత్త జత కొన్నాడు. కొట్టు గుర్తుగా యుగంధర్ టైర్ల మీద పసుపు చుక్క పెడుతూ అడిగాడు: "ఇవైనా పడతాయా బావా?"

"ఇవి పడాలోయ్. ఇవి లేకపోతే నా కారు పాతసామానే."

శనివారం పొద్దుటినుంచీ వాన. అయినా సాయంత్రానికి కళ్లం నిండా జనం. కారు అరుచుకుంటూ వచ్చింది. బుచ్చిబాబు స్టీరింగ్ తిప్పాడు. కారు తిరగలేదు. ఎవరో పిలిచినట్టు తిన్నగా డ్రమ్ము మీదకే వెళ్లింది. ఢాం! డ్రమ్ము దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. ఈలలే ఈలలు.

యుగంధర్ పరుగెత్తి ముందు టైర్లు చూశాడు. బోడిగుండ్లలా ఉన్నాయి.

"కొత్తవేవి బావా?"

బుచ్చిబాబు మబ్బుల్ని పరిశీలించాడు. "పడలేదోయ్."

అంతలో హారన్ మోగింది. బడి వదిలాక పిల్లలతో వెళ్తున్న సత్యవేదం తమాషా చూద్దామని గేటు దగ్గర ఆగాడు.

"ఓడిపోయారాండీ? పొద్దున నా ముందు టైర్లు చూసి ఒకటే గోలండీ! వానకి గట్టు జారుద్ది, ఇంత బాగా జారే టైర్లు మళ్లీ దొరకవు, ఇప్పుడే ఇచ్చెయ్యమని! ఉత్త అమాయకులండీ మీ బావగారు!"

సత్యవేదం నవ్వాడు. కిటికీల్లోంచి పిల్లలూ నవ్వారు. యుగంధర్ వంగి చూశాడు. ముందు చక్రాల మీద పసుపు చుక్కలు. వెనక్కి వెళ్లి చూశాడు. అక్కడా పసుపు చుక్కలే.

"ఏరా, తీర్పు చెప్పవేం? తగిలిందా, లేదా?" అరిచింది రాజకుమారి.

యుగంధర్ గొంతు సవరించుకున్నాడు. "కారు తగల్లేదక్కా. డ్రమ్మే వచ్చి గుద్దింది."

రాజకుమారి తమ్ముడి మొహం చూసింది, సత్యవేదం టైర్లు చూసింది, ఆకాశంలోంచి ఇంకా కిందికి దిగని మొగుణ్ని చూసింది.

"అనుకున్నాను. ఆ డ్రమ్ముకి మొదట్నుంచీ పొగరే" అంది.

సోమవారం గుడివాడ బస్టాండు దగ్గర, యుగంధర్ బడిపిల్లలతో వెళ్తున్న ఒక ముసలి అంబాసిడర్‌ని ఆపి, చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అబ్బ, ఎంత బాగా అరిగిందండీ! మాకు మార్చి ఇవ్వరూ? కొత్తది ఇస్తాను. ఏం చేస్తామండీ, మా బావకి కొత్తవి పడవు!"