గోనె మీద లక్క ముద్ర

అటవీ ఆఫీసులో ఆమెను అందరూ లక్కక్క అంటారు. పట్టుబడిన దొంగ సరుకుకు ముద్ర వేయడం ఆమె పని. కొమ్ములైనా చర్మాలైనా గుడ్డలో చుట్టి, దారంతో బిగించి, ముడి మీద లక్క కరిగించి పోసి ఇత్తడి ముద్ర నొక్కుతుంది. లక్క మరీ వేడిగా ఉంటే అక్షరాలు పడవు, చల్లారితే పెళుసెక్కి రాలిపోతుంది. ముద్ర చెదిరితే సరుకు మార్చారంటూ నిందితుడి వకీలు గొంతు చించుకుంటాడు. ఇన్నేళ్లలో ఆమె ముద్రను ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం గోనెసంచి దింపారు. నిండా తాబేళ్లు, అడవిలో వెతికినా కనబడనంతగా తగ్గిపోయిన జాతి. వాటిని పై దేశాలకు పంపే దళారి ఎన్నాళ్లకో దొరికాడు.

"ముద్ర వేసెయ్ అక్కా. వాడు ఈసారి ఏళ్ల తరబడి లోపలే," అన్నాడు కొత్త అధికారి.

"ప్రాణమున్నవాటికి ముద్రేంటి సార్?"

"కోర్టు చూసేది అదే. సోమవారం దాకా ఆగుతాయిలే. తాబేళ్లేగా, వాటికేం తొందర!"

ఆమెకూ నవ్వొచ్చింది. సంచిమూతి కట్టి ముద్ర వేసింది.

ఆదివారం సరుకుగది ఊడ్వడానికి వచ్చేసరికి గోనె లోపల గీకుడు. అధికారి ఫోన్ ఎత్తలేదు. కాసేపటికి గీకుడు సన్నగిల్లింది. ముద్రను చూస్తూ కూర్చుంది, తర్వాత కత్తెర తీసి ముద్ర కింది దారం తెంచింది. రెండు అప్పటికే కదలడం లేదు. మిగతావి పళ్లెంలో నీళ్లు చూసి ఒక్కొక్కటే మెడ చాచాయి. అన్నిటినీ మళ్ళీ సంచిలో పెట్టి, ఈసారి మూతి వదులుగా కట్టి కొత్త ముద్ర వేసింది.

సోమవారం అధికారికి జరిగింది చెప్పింది.

"ముద్ర నీదే, ముడి నీదే. ఎవడు కనిపెడతాడు? నోరు మెదపకు," అన్నాడు.

బతికినవాటిని కోర్టు సంరక్షణ కేంద్రానికి పంపింది. విచారణ మాత్రం నెలల తర్వాత వచ్చింది. బల్ల మీద ఆ గోనె మూతి, ముద్ర చెదరకుండా కోసి దాచింది.

"ఇది సరుకు పట్టుబడిన రోజు మీరు వేసిన ముద్రేనా?" దళారి వకీలు అలవాటుగా అడిగాడు.

అవునంటే సరిపోయేది.

"కాదండి. అది తెంచి, నీళ్లు పెట్టి, ఇది వేశాను."

"ఎవరి ఎదుట?"

"ఎవరూ లేరండి."

వకీలు ముఖం వెలిగిపోయింది. కేసు అక్కడే చచ్చింది. కోర్టు మెట్ల మీద దళారి ఎదురుపడ్డాడు.

"నీ పుణ్యమా అని ఇంటికెళ్తున్నా అక్కా."

ఆమె పక్కకు తప్పుకుని మెట్లు దిగింది.

ఇంట్లో భర్త కంచం ముందుకు జరిపాడు. "ఒక్క అబద్ధం ఆడుంటే పోయేదిగా!"

"ఈ ముద్ర మీద ఆడితే, పాత కేసులన్నిట్లో ఆడినట్టే కదయ్యా."

"మరి వాడు?"

"వాడు మళ్ళీ పడతాడు. నాకు నిద్రొస్తోంది."

మర్నాడు వెల్డింగ్ కొట్టులో పాత కిటికీ జాలీలతో, ఇకపై ప్రాణంతో పట్టుబడేవాటి కోసం పెట్టె చేయించింది. ముద్ర వేయాల్సింది తలుపు గడియ మీదే. గడియ మీద లక్క పోసి ముద్ర నొక్కి, జాలీ సందులోంచి గొట్టం దూర్చి నీళ్లు వదిలి చూసింది. లోపలి పళ్లెం నిండింది, గడియ మీద లక్కకు తడి కూడా తగల్లేదు. పెట్టెను సరుకుగదిలో గోడవారకు నెట్టి, నడుం పట్టుకుని నిలబడింది.