రేకుల కొట్టం దగ్గర కుడికి

“...అంటే నేను ముసలాణ్ణయిపోయానని ఈ లోయ లోయంతా చాటాలనా నీ ఉద్దేశం?”

“ముసలాడివని ఎవరన్నారు? అంత కిందికి కూర్చోడానికి నీ తుంటి ఒప్పుకోదంటున్నాను.”

“అది కొత్తది. మొన్న ఫిబ్రవరిలోనే ఆపరేషన్ చేసి వేశారు. నాలో కొత్తది అదొక్కటే.”

గెథిన్ గ్యారేజీ ముందున్న ఖాళీ జాగాలో, రెండు కార్ల మధ్య నిలబడి వాదించుకుంటున్నారు నెరిస్, ఆమె మొగుడు హెఫిన్. రెండూ ఎవరో వాడి అమ్మేసిన కార్లే. ఒకటి నీలం రంగుది. పొట్టిగా, నేలను కరుచుకుని ఉంది. ఇంకోటి బూడిద రంగుది. ఎత్తుగా, నిలబెట్టిన రొట్టెల పెట్టెలా ఉంది. నెరిస్ కూడబెట్టుకున్న డబ్బుకు రెండింట్లో ఏదో ఒకటే వస్తుంది.

గెథిన్ టీ కప్పు పట్టుకుని గుమ్మానికి చేరబడ్డాడు. “మీరిద్దరూ తేల్చుకునేలోపు ఇవి కూడా తుప్పు పట్టేస్తాయి” అన్నాడు.

తుప్పు అనగానే నెరిస్ చూపు గోడవారగా ఆగివున్న ఎర్ర కారు మీదికి పోయింది. ఇరవై ఏళ్ళుగా అది ఆమెది. చూడ్డానికి పిల్లల్ని బడిలో దింపే చిన్న కారే. లోపల మాత్రం అంత చిన్న ఒంటికి అక్కర్లేనంత పెద్ద ఇంజను. ఇంజను ఇప్పటికీ బాగానే ఉంది. అడుగు రేకే పోయింది. ఏటా చేసే తనిఖీలో ఈసారి తప్పింది. అతుకు వేద్దామన్నా పట్టుకోవడానికి ఇనుము మిగల్లేదన్నాడు గెథిన్.

నెరిస్ ఇంటింటికీ తిరిగి జుట్టు కత్తిరిస్తుంది. కొండలకు ఇవతలా అవతలా ఉన్న గొర్రెల కమతాల్లో, ఊళ్ళోకి దిగలేని ఆడవాళ్ళు ఆమె కోసం కేటిల్ పొయ్యి మీద పెట్టి కూర్చుంటారు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళ జుట్టుకు ఉంగరాలు తిప్పింది. అంత్యక్రియలకు వెళ్ళేవాళ్ళ జుట్టు అణిచి దువ్వింది. భార్యలు పోయిన మొగాళ్ళ మెడల మీద నూగు గీసింది. వాళ్ళు ఆ కాసేపూ కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళు, ఆమె మాట్లాడేది కాదు. కొందరు డబ్బుతోపాటు గుడ్లు ఇచ్చేవాళ్ళు. తలమీద బోర్లించే పెద్ద డ్రైయరు వెనక డిక్కీలో దుప్పటి కప్పుకుని ఆమెతో తిరిగేది. కమతాల్లో కుక్కలు ఆ కారు చప్పుడు మైలు దూరంలోనే గుర్తుపట్టేవి.

అంతకుముందు, పెళ్ళికి కూడా ముందు, ఆమె అడవి రోడ్ల మీద జరిగే ర్యాలీ పందేల్లో కారు నడిపేది. పక్క సీట్లో హెఫిన్ ఒడిలో కాగితం పెట్టుకుని, రాబోయే మలుపులు పైకి చదివేవాడు. ప్రతి మలుపుకూ ఒక అంకె ఉంటుంది. అంకె చిన్నదైన కొద్దీ మలుపు ఇరుకు. ఎడమ నాలుగు. కుడి రెండు, బిగుస్తుంది. ముందు ఏముందో ఆమె కళ్ళకంటే అతని గొంతుకే ముందు తెలిసేది. వాళ్ళు ప్రేమించుకున్న రోజుల్లో మాట్లాడుకున్నదాంట్లో సగం ఎడమలూ కుడులే. పోటీలు మానేశాక కూడా, ఆదివారాలు కొండ రోడ్డెక్కితే అతను నోరు మూసుకునేవాడు కాదు.

ఫిబ్రవరి నుంచి మూసుకున్నాడు. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి ఎర్ర కారెక్కాడు. దిగడానికి పక్కింటివాళ్ళిద్దరు వచ్చి చెరో చెయ్యీ పట్టి లాగాల్సొచ్చింది. ఆ తర్వాత ఏ ఆదివారమూ రానన్నాడు. రోడ్డంటే మోజు పోయిందన్నాడు. ఎడమ సీట్లో ఇప్పుడు తువ్వాళ్ళ సంచి కూర్చుంటోంది.

ముందు నీలం కారు తీసుకుని నెరిస్ ఒక్కతే వంతెన దాకా వెళ్ళొచ్చింది.

“ఎలా ఉంది?” అన్నాడు హెఫిన్.

“ఫర్వాలేదు.”

“మెడ దాకా ఎర్రబడ్డావు. అబద్ధం కూడా చేతకాదు నీకు. అదే కొనుక్కో బంగారం. నేను బస్సులో తిరుగుతాను.”

“బస్సు గురువారమేగా వచ్చేది.”

“గురువారమే తిరుగుతాను.”

“ఎక్కు” అంది ఆమె, బూడిద రంగు కారు తలుపు తీసి.

అతను కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. కర్ర కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఎవరూ చెయ్యి పట్టాల్సిన పని పడలేదు.

కారు కొండెక్కింది. ఆఖరి కమతం దాటాక పొగమంచు రోడ్డు మీదికి దిగి, వాళ్ళకు దారి ఇస్తున్నట్టు కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతోంది. వానకు తడిసిన గొర్రెలు మంచులోంచి తేలి వచ్చి మళ్ళీ మంచులోకి పోతున్నాయి. మొదటి మలుపులో కారు పడవలా ఒరిగింది. నెరిస్ పళ్ళు బిగబట్టింది. నీలం కారైతే ఈ మలుపు ఎలా తిరిగేదో ఆమె అరచేతులకు తెలుసు.

“ఎడమ మూడు” అన్నాడు హెఫిన్.

ఆమె తల తిప్పలేదు.

“రాతి గోడ దాకా తిన్నగా. కుడి నాలుగు, తర్వాత విప్పుకుంటుంది. ఎడమ అయిదు, దిన్నె మీంచి.”

గొంతు పెద్దగా లేదు. ఒడిలో కాగితమేమీ లేకపోయినా కళ్ళు దించుకునే చదువుతున్నాడు, అప్పటిలాగే. ఆమె చేతులు వింటున్నాయి. కారు ఒరుగుతూనే ఉంది, ఇంజను ఎత్తు దగ్గర గునుస్తూనే ఉంది. మాట, మలుపు, మాట, మలుపు. ఎంతసేపు అలా పోయారో ఆమెకు తెలియలేదు. రోడ్డు అతని గొంతులోంచే బయటికొస్తున్నట్టుంది.

“రేకుల కొట్టం దగ్గర కుడి రెండు, బిగుస్తుంది.”

ఆమె బ్రేకు నొక్కింది. రెండో గేరుకు దించింది.

ఎదురుగా రోడ్డు తిన్నగా మంచులోకి పోతోంది. కొట్టం లేదు. మలుపూ లేదు. వెనక పాల లారీ పొడుగ్గా హారన్ మోగించి, పక్కనుంచి దాటిపోయింది.

నెరిస్ కారు పచ్చిక అంచుకు తీసి ఆపింది. అద్దం మీద వైపర్లు ఊగుతున్నాయి.

“కొట్టం ఏది?” అన్నాడు హెఫిన్.

“కూల్చేశారుగా. మలుపు తీసేసి రోడ్డు తిన్నగా చేసినప్పుడు. మనం చూస్తూండగానే.”

“అవును కదూ.” ఆమె వైపు తిరిగాడు. “మరి ఎదురుగా తిన్నని రోడ్డు కనిపిస్తుంటే నువ్వెందుకు బ్రేకు నొక్కావే, పిచ్చిదానా?”

“నువ్వు చదివావుగా.”

అతని భుజాలు కదిలాయి. ముందు అతను, తర్వాత ఆమె, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వుకున్నారు. ఒక గొర్రె వచ్చి బంపరు వాసన చూసి పోయింది.

గ్యారేజీకి తిరిగొచ్చేసరికి గెథిన్ రెండో కప్పు టీలో ఉన్నాడు. హెఫిన్ తనంతట తనే దిగి, కర్ర ఊనుకుని, నీలం కారు వైపు చూపిస్తూ నోరు తెరిచాడు. నెరిస్ అతనికంటే ముందే మాట్లాడింది.

“బూడిద రంగుదే తీసుకుంటున్నాం గెథిన్. వెనక నా డ్రైయరు పడుతుందేమో ఓసారి పెట్టి చూడు.”