డ్రిల్లుని ఇసకలో వేపిన రోజు

పెళ్లయి నౌపడ వచ్చిన కొత్తలో నేను మా మామగారితో నేరుగా మాట్లాడేదాన్ని కాదు. మాది పాతపట్నం దగ్గర పల్లె. కోడలు మామ ఎదుటపడి మాట్లాడకూడదని చెప్పి పెంచారు. ఆయనా ఆ పద్ధతిలోనే పెరిగినవారు. మా ఇద్దరి మధ్యా మా అత్త ఉండేది. "అమ్మాయిని మంచినీళ్లు తెమ్మను" అనేవారాయన. నేను అక్కడే ఉన్నా, అత్త ఆ మాట మళ్లీ చెప్పాకే లేచేదాన్ని. అది అరవై ఏడో, అరవై ఎనిమిదో సంవత్సరం.

మామ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఒక పాత చేతి డ్రిల్లు ఉండేది. ఊరు విడిచి వెళ్లిపోతూ ఒక దొర ఇచ్చాడట. పిడి పట్టుకుని పక్కనున్న పళ్లచక్రం తిప్పితే, మూతిలో బిగించిన బిట్టు గిరగిరా తిరిగి చెక్కకు బెజ్జం పెట్టేది. కానీ ఉప్పుమళ్ల మీదుగా వచ్చే గాలికి మా ఊళ్లో ఇనుము బతకదు. వానాకాలమంతా అటక మీదే ఉండిపోయి అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

"వంటింట్లో డబ్బాలెట్టే పలక కోడలుపిల్లకి అందట్లేదు. రోజూ పీటెక్కి దిగుతన్నాది. కిందికి ఇంకోటి కొట్టు" అని అత్త అనడంతో డ్రిల్లు కిందికి దిగింది. రెండు మూడు రోజులు మామ దానికి కిరసనాయిలు పోస్తూ కూచున్నారు. చక్రం కాస్త కదిలింది గాని మూతి కదల్లేదు. సుత్తితో కొడితే పోత ఇనుము పగులుతుందని ఆయన భయం. నిప్పుల మీద పెడితే వేడి ఒక పక్కే తగులుతుంది, అదీ ప్రమాదమేనన్నారు.

నేను గుమ్మం వెనకనుంచి అత్తతో మెల్లగా అన్నాను. "మా అమ్మ పేలాలు ఏపినట్టు మంగలంలో ఇసక పోసి, అందులో పెడితేనో? ఏడి అన్ని పక్కలా తగుల్తాది."

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "ఇసకలో ఏపుదామంటాది" అంది.

"మూతిలోకి ఇసక పోదా, అడుగు" అన్నారు మామ.

"పోదా అంటన్నారు."

"బంకమట్టి మెత్తుదాం, అత్తా."

"మట్టి మెత్తుతాదంట."

"కిరసనాయిలు ముందు శుభ్రంగా తుడవాలి, లేపోతే అంటుకుంటాది. అది సెప్పు" అన్నారాయన.

అత్త చేట ఒళ్లోకి లాక్కుంది. "మీ గొడవలో నాకు రాళ్లు కనబడట్లేదు. మీరూ మీరూ సెప్పుకోండి."

చివరికి మామ డ్రిల్లు వైపే చూస్తూ, "మంగలం ఉన్నాదా అమ్మా?" అన్నారు.

"ఉన్నాది మావా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పొయ్యి మీద ఇసక బాగా కాగాక మూతి వరకు అందులో పూడ్చి, చెక్క పిడి కాలకుండా పైకి పట్టుకున్నాను. మెత్తిన మట్టి ఎండి బీటలిచ్చాక బయటికి తీశాం. నేను తడి గోనెగుడ్డతో డ్రిల్లు పట్టుకుంటే ఆయన మూతికి పానా వేశారు.

"గట్టిగా పట్టు."

"పట్టేను మావా."

కటుక్కుమంది. విరిగిపోయిందనే అనుకున్నాం. ఆయన ముఖం పాలిపోయింది. మళ్లీ మెల్లగా తిప్పితే, ఎర్రటి పొడి రాలుస్తూ మూతి తిరిగింది.

చల్లారాక అన్నీ ఊడదీశాం. ఊడిన వరసలోనే గోనె మీద పెట్టమన్నారు, బిగించేటప్పుడు వెనకనుంచి రావాలట. లోపలి గ్రీజు ముదురు పాకంలా గట్టిపడింది. నేను పుల్లతో గీకుతుంటే ఆయన "పళ్లు జాగ్రత్త" అంటూ కూచున్నారు. మూతిలోపల బిట్టును కరిచి పట్టుకునే దవడలు ఉంటాయి. చివరిది ఊడగానే, చీమంత స్ప్రింగు ఒకటి టప్పున ఎగిరిపోయింది.

"అది లేపోతే దవడలు తెరుసుకోవు" అన్నారు మామ. ఇద్దరం మోకాళ్ల మీద కూచుని వసారా అంతా వెతికాం. ఒకసారి తలలు కూడా గుద్దుకున్నాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తల రుద్దుకుని మళ్లీ వెతకసాగారు.

అంతలో అత్త, "బియ్యంలో ఇదేటి పురుగు, ఇంత గట్టిగున్నాది?" అంది.

"పురుగు కాదే, ఇటియ్యి" అంటూ మామ పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వగా చూడటం నాకదే మొదటిసారి.

నూనె రాసి, బిగించి, పొద్దుండగానే పలక కొట్టారు. ఎత్తు కోసం నన్నే చెయ్యెత్తమని, చెయ్యి ఆనినచోట బొగ్గుతో గీత పెట్టారు. పలక ఒక పక్కకి కాస్త వాలింది. డబ్బాలు అటే జరిగిపోయేవి. సరిచేద్దామని ఎవరికీ అనిపించలేదు.

మా ఆయన ఉప్పుమళ్ల నుంచి వచ్చేసరికి మామ నన్ను, "మీ ఊళ్లో ఈ ఏడు పొలాల్లో ఏటేసేరమ్మా?" అని అడుగుతున్నారు.

"మెట్టంతా చోళ్లే, మావా" అన్నాను. ఇంకా చాలా చెప్పాను. మా ఆయన కాళ్లు కడుక్కోవడం మరిచి, చెంబు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు.