పట్టేసే బెల్టు

తొంభైల చివర్లో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. నా భార్యకు అప్పుడు ఐదో నెల. స్కూటర్ కుదుపులు పడనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది. మా నాన్న రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఉర్లాలో ఒక కర్మాగారంలో ఫిట్టర్‌ని. మా ఇంటావంటా కారు లేదు.

ఆ కారులో ముందు సీట్లకు బెల్టులున్నాయి. మెల్లగా లాగితే బెల్టు వస్తుంది, గబుక్కున లాగితే పట్టేస్తుంది. ఒక్కోసారి బ్రేకు వేసినా పట్టేస్తుంది.

"ఏటండీ ఇది, ఇలగ బిగిసిపోతంది? కడుపు మీద నొక్కేస్తంది. ఖరాబ్ అయిపోనాదేమో," అంది నా భార్య.

నాకూ అలాగే అనిపించింది. పద్దెనిమిదేళ్లుగా నా ఉద్యోగమే పట్టేసినవాటిని విడిపించడం. బేరింగ్ పట్టేసినా, గేరు పట్టేసినా నన్నే పిలుస్తారు. పట్టేయడం కోసమే ఒక వస్తువును తయారు చేస్తారని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకాన్ని కాదు.

ఆదివారం పూట ఆమె సీటు వైపు తలుపు పక్క మూత విప్పాను. లోపల బెల్టు చుట్టుకున్న చక్రం, దానికి పళ్లు. కింద చిన్న గిన్నెలో ఉక్కు గోళీ, దానిమీద సన్నటి కొక్కెం. గోళీ కదిలితే కొక్కెం లేచి పళ్లలో పడుతోంది. అది చాలదన్నట్టు చక్రం పక్కన ఇంకో కొక్కెం. గంటసేపు చూశాను. ఇవన్నీ ఎందుకో బోధపడలేదు. గోళీనీ, రెండు కొక్కేలనూ పీకేసి నూనె పెట్టాను. ఎలా లాగినా బెల్టు సాఫీగా వచ్చింది. "ఇప్పుడు హాయిగుంది," అంది నా భార్య. నేను మీసం దువ్వుకున్నాను.

తర్వాతి వారం ఆరంగ్‌లో గుడి చూసి వస్తున్నాం. ముందున్న లారీ హఠాత్తుగా ఆగింది. బ్రేకు తొక్కాను. నా భార్య ముందుకు పడింది, బెల్టు కూడా ఆమెతోపాటే సాగింది. నుదురు అద్దానికి కొట్టుకుంది. రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకుంది కాబట్టి సరిపోయింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పేదాకా నేను మనిషిని కాను. చెప్పాక ఏడ్చేశాను.

పగిలిన అద్దం మార్పించడానికి కారును శంకర్ నగర్‌లో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను బెల్టు లాగి చూసి, అనుమానమొచ్చి మూత విప్పాడు. గోళీ ఎవరు తీశారని హిందీలో అడిగాడు.

"పాత ఓనరు," అన్నాను, నోరు తడబడకుండా.

అతను ఓపిగ్గా చెప్పాడు. బండి ఒక్కసారిగా ఆగితే గోళీ ముందుకు ఒరుగుతుంది, కొక్కెం పడి చక్రం ఆగుతుంది, మనిషి సీట్లోనే ఉంటాడు. విదేశీ కార్లలో స్టీరింగులోంచి గాలిసంచి ఉబ్బి వస్తుందట. మనిషిని బెల్టు పట్టి ఉంచితేనే అదీ సరిగ్గా కాపాడుతుందట.

"పట్టెయ్యడమే దాని పని, సాబ్," అన్నాడు.

అర్థమైంది, కాలేదు కూడా. వదులుగా ఉంటే సుఖం, బిగిస్తే ప్రాణం. ఇన్నేళ్లూ నేను నేర్చింది దీనికి తలకిందులు. బాగు చేసే చేతికి పాడు చేయడం కూడా తెలుస్తుందని ఎవరికి చెప్పుకోను? ఇంటికొచ్చి నా భార్య నుదుటి మీది కుట్లు చూసి, అద్దం మార్పించానని మాత్రం చెప్పాను.

పాప పుట్టింది. బారసాల రోజున నా భార్య వచ్చినవాళ్లందరికీ మచ్చ చూపిస్తూ ఒకటే మాట చెప్పింది.

"ఈయన ఆ బెల్టు బాగు సేసుండకపోతే, అది కడుపు నొక్కేసి ఈ బిడ్డ దక్కేది కాదు."

"మా అల్లుడి సేతిలో పనుంది," అంది మా అత్తగారు.

అప్పుడైనా చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పళ్లెంలో బియ్యం పోసి ముందు పెట్టారు, చేతికి ఉంగరం ఇచ్చి పాప పేరు రాయమన్నారు. అక్షరాలు వంకరపోయాయి. సంతోషంతో వణుకుతున్నాడని అందరూ నవ్వారు.