ఆకుల్లేని ఆర్కిడ్

ఆ రోజుల్లో నా దృష్టిలో ప్రేమంటే తోమడం, కడగడం, ఎండబెట్టడం. మధ్య అండమాన్‌లోని రంగత్‌లో మా అమ్మ నన్ను అలాగే పెంచింది. అలాంటి ఇంటి నుంచి టైపిస్టు ఉద్యోగానికి పోర్ట్ బ్లెయిర్ వచ్చిన నాకు (పంతొమ్మిదేళ్ళు, రెండు జడలు, లోకమంతా తెలుసన్న ధీమా) నర్సు పెద్దమ్మ తన ఇంటి వెనక గది ఇచ్చింది. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి. మాకు చుట్టమేమీ కాదు, మా అమ్మతో చర్చిలో ఎప్పటిదో స్నేహం, అంతే. వచ్చిన నెలలోనే నేను మలేరియాతో మంచమెక్కితే పక్కన కూర్చుని చెంచాతో జావ పట్టింది. అప్పటి నుంచి ఆవిడకు ఏదో ఒక మేలు చేసి తీరాలని నా చేతులు ఒకటే దురద. ఆ దురదే కొంప ముంచింది.

పెరట్లో వెదురు బద్దలు కట్టి, పైన పాత చేపల వల కప్పిన పందిరి ఒకటుండేది. పెద్దమ్మ దాన్ని గర్వంగా 'గ్రీన్‌హౌస్' అనేది. లోపల కొబ్బరి చిప్పల్లో, బొగ్గు ముక్కల్లో, బెరడు మీద రకరకాల ఆర్కిడ్లు. ఒకసారి చెల్లెలి కూతురి పురిటికని డిగ్లీపూర్ వెళ్తూ, బోటెక్కే ముందు నాకు ఒప్పజెప్పింది. "పొద్దున్నే నీళ్ళు చిలకరించు అమ్మడూ. ఇంకేటీ చెయ్యకు." మొదటి మాట శ్రద్ధగా విన్నాను. రెండోది ఎందుకో చెవి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ ఆదివారం ఆరాధన నుంచి రాగానే కొంగు బిగించి పందిరంతా ఊడ్చాను. ఒక మూల మూరెడు దుంగ ముక్క వేలాడుతూ కనిపించింది. దాని మీద ఒక్క ఆకైనా లేదు, సాలీడు కాళ్ళలా అతుక్కున్న పాచిరంగు వేళ్ళు తప్ప. పాపం, మొక్క ఎప్పుడో చచ్చిపోయింది, పెద్దమ్మ చూసుకోలేదు అనుకున్నాను. సబ్బు, కొబ్బరి పీచు తీసుకుని మెరిసేదాకా తోమి ఎండలో పెట్టాను. (పెద్దమ్మ కాళ్ళు పెట్టుకోవడానికి బాగుంటుందని కూడా అనుకున్నాను.)

సాయంత్రం పక్కింటి మిల్లు భయ్యా వచ్చాడు. చాతం రంపపు మిల్లులో పని చేసేవాడు. అడవి నుంచి వచ్చిన దుంగలకు అంటుకున్న మొక్కలు కనిపిస్తే బెరడుతో సహా తెచ్చి పెద్దమ్మకిచ్చేవాడు.

"దీదీ, ఇక్కడుండాలి కదా లకడీ, కహా గయా?"

"ఆ దుంగ ముక్కా? శుభ్రంగా కడిగేశాను భయ్యా."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అరే బాప్‌రే! ఆకులుండవు దానికి. ఆ వేళ్ళే మొక్క! పెద్దమ్మ మూడేళ్ళ నుంచీ పువ్వు కోసం చూస్తన్నాది!"

"ఇంకోటి దొరకదా?"

"నేను చూసింది అదొక్కటే."

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఓ ఘనమైన ఆలోచన వచ్చింది. వేళ్ళు తప్ప ఇంకేమీ లేని మొక్కకు నకలు తీయడం ఎంతసేపు? కుట్టుపెట్టెలోంచి ఆకుపచ్చ దారం తీసి, గంజిలో ముంచి, వంకరటింకరగా దుంగకు అతికించాను. నా కళాకౌశలానికి నేనే మురిసిపోయాను.

పెద్దమ్మ వచ్చింది. పందిరి చుట్టి చూసింది. దుంగ దగ్గర కాసేపు నిలబడి, దాని మీద నీళ్ళు కూడా చిలకరించింది! గండం గడిచిందనుకుని అన్నానికి కూర్చున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, నా మొక్కల్ని కన్నబిడ్డల్లా కాచిన ఈ పిల్లను దీవించు..." ఇంకా ఆమెన్ రాకముందే నేను బావురుమన్నాను. ఏడుస్తూనే సబ్బు, పీచు, దారం, గంజి, అన్నీ వరసగా ఒప్పేసుకున్నాను.

"తెలుసులేవే," అంది పెద్దమ్మ. "ముప్పై ఏళ్ళు మనుషులకు కుట్లేసినదాన్ని. ఏది దారమో, ఏది మొక్క వేరో తెలీదేటి? గంజికి చీమలు కూడా పట్టాయి."

"మరి ఆ ప్రార్థన?"

"నువ్వే చెప్తావని. ఆకలేస్తంది, తొందరగా చెప్తావని కొంచెం పొడుగు చేశాను."

తర్వాత నన్ను పందిట్లోకి తీసుకెళ్ళి దుంగను తిరగేసింది. అడుగున, పగులులో, నా పీచు చొరబడలేని చోట, వేలెడు వేరు పచ్చగా మిగిలి ఉంది. దాన్ని అక్కడే వేలాడదీసి, ఆ రోజు నుంచి నీళ్ళు చిలకరించే పని నాకే ఇచ్చింది. చేతులారా చంపబోయిన దాన్ని నా చేతికే ఎందుకిచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. ఎన్నో ఏళ్ళకు అర్థమయ్యాక చెప్పుకుందామంటే ఆవిడ లేదు.

రెండో వానాకాలం దాటాక ఒక ఉదయం పెద్దమ్మ కేక వేసింది. పందిట్లోకి పరుగెత్తాను. నూలుపోగంత కాడ చివర, బియ్యపు నూకంత లేత పసుపు పువ్వు! తను బైబిలు చదువుకునే భూతద్దాన్ని అందరికంటే ముందు నా చేతిలోనే పెట్టింది. ఆ తర్వాత వీధంతా వరస కట్టింది. మిల్లు భయ్యా చాలాసేపు చూసి, "ఇత్నా సా? ఇంత చిన్నదా? దీనికేనా అంత ఏడుపు?" అన్నాడు. మధ్యాహ్నానికి వాడిపోతుందని పెద్దమ్మ అంటే అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. ఆఫీసుకు గంటన్నర ఆలస్యం. మా హెడ్ క్లర్కు కారణం రాసిమ్మన్నాడు. మిషను ముందు కూర్చుని, ఏమాత్రం తడుముకోకుండా, 'ఇంట్లో పువ్వు పూసినందున' అని టైపు చేసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, నా ముఖంలోకి చూసి, ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో జ్వరమనీ, బస్సు రాలేదనీ ఎన్నో కారణాలు రాశాను. అంత నిజమైనది మళ్ళీ ఒక్కటీ రాయలేకపోయాను.