ఇర్యా మీద పడ్డ తొమ్మిదో రూలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ గొడవలో తప్పెవరిదో నన్నడగొద్దు. ఆ గదిలో నేనున్నాను, చెయ్యెత్తి ఓటు వేశాను, అయినా నాకు ఇప్పటికీ బోధపడలేదు. బోధపడిందల్లా ఒక్కటే. ఏప్రిల్ నుంచి మా జట్టుకి గోల్‌కీపర్ని నేను, నా మోకాళ్ళు రెండూ నన్ను శపిస్తున్నాయి.

ఇర్యా సారెలా, నేనూ ఒకే వీధి వాళ్ళం, ఒకే ఈడు వాళ్ళం, కెనడాలోని థండర్ బేలోనే పుట్టి పెరిగాం. వాళ్ళు ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ళ మనవలు, మేం ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళ మనవలం. వాళ్ళింట్లో శనివారం ఒళ్ళు కాచుకునే ఆవిరి గది, మా ఇంట్లో ఆదివారం బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీలు, రెండిళ్ళ మధ్యా మా తిరుగుడు. వాళ్ళ నాన్న రేవులో ధాన్యం గోదాములో పని చేసేవాడు. చలి ముదరగానే పెరట్లో గొట్టం పట్టుకుని నీళ్ళు చల్లి, గడ్డకట్టించి, ఐస్ హాకీకి రింక్ తయారుచేసేవాడు. నలుగురు అన్నల తర్వాత ఇర్యా. గోల్ దగ్గర నిలబడడానికి అన్నల్లో ఒక్కడూ ఒప్పుకోలేదు. అందుకని ఆరేళ్ళ పిల్ల కాళ్ళకి పాత సోఫా దిండ్లు తాళ్ళతో కట్టి నిలబెట్టారు. ఏడుస్తుందనుకున్నారు. అది ఏడవలేదు. బంతి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ళని ఒక్కసారి కూడా లోపలికి పోనివ్వలేదు, చివరికి ఏడ్చింది అన్నలే.

పదమూడో ఏట దాన్ని ఊళ్ళో మగపిల్లల జట్టులోంచి తీసేశారు. ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి గది లేదన్నారు. చీపుళ్ళు పెట్టే గదిలో మార్చుకుంటానంది, అయినా కుదరదన్నారు. ఇరవై రెండో ఏట, టొరంటోలో ఆడవాళ్ళకి పెద్ద లీగు పెట్టారని విని వెళ్ళిపోయింది. పగలంతా బేకరీలో పిండి పిసకడం, సాయంత్రం ఆట. పేరుకే పెద్ద లీగు. కర్రలు తనే కొనుక్కోవాలి, వేరే ఊరెళ్తే బస్సు టికెట్టూ తనదే. రెండేళ్ళు అలా ఆడాక ఆ లీగు మూతబడింది. తిరిగొచ్చి బడి బస్సు డ్రైవరుగా చేరింది. అక్కడ ఎలా ఉండేదే అని అడిగితే, ఇక్కడికన్నా చలి తక్కువ, అంది. అంతే.

ఆ ఏడాదే బ్యాంకులో ఏదో కాగితం నింపుతూ, వృత్తి అన్నచోట 'గోల్‌కీపర్' అని రాసింది. నేను పక్కనే ఉన్నాను. కౌంటర్లో అమ్మాయి చదివి నవ్వి, అది సరదాకి కదండీ, మీరు పనేం చేస్తారో అది రాయండి అంది. మర్యాదగానే అంది. ఇర్యా కొట్టేసి 'బస్సు డ్రైవర్' అని రాసింది. అది కోపమొస్తే అరిచే మనిషి కాదు, మాటలు మానేస్తుంది. నాలాగా అరిస్తే ఎదుటివాళ్ళకి కాస్త సుఖం.

తర్వాత మేమే నలుగురం చేరి ఊళ్ళో ఆడవాళ్ళ లీగు పెట్టుకున్నాం. నాలుగు జట్లు, ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఆట. ఆరున్నర ఎందుకంటే, మగపిల్లలు, మగవాళ్ళు, ముసలి మగవాళ్ళు అందరూ తీసుకోగా రింక్‌లో మిగిలిన గంట అదే. లీగన్నాక రూల్సు ఉండాలి కదా. బెవ్ టొనెలో, అంటే రెండో జట్టు కెప్టెన్, వాళ్ళాయన ఆడే మగవాళ్ళ లీగు రూల్సు పుస్తకం పట్టుకొచ్చింది. ఇర్యా వంటింట్లో కూర్చుని దాన్ని చూసి కాపీ కొట్టాం. నేను చదవడం, ఇర్యా రాయడం. తొమ్మిదో రూలు దగ్గర ఆగాం. ప్రొఫెషనల్ లీగుతో ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళెవరూ ఆ రోజు నుంచి మూడేళ్ళ దాకా ఈ లీగులో ఆడకూడదట. జీతం తీసుకుని ఆడేవాళ్ళు వచ్చి మామూలు మగాళ్ళని చితక్కొట్టకుండా పెట్టుకున్న రూలది. నాకు నవ్వాగక కాఫీ ముక్కులోకి పోయింది. మనలో ఎవర్ని పిల్చి సంతకం పెట్టించుకుంటారే, కొట్టేయ్ అన్నాను. బెవ్ కూడా కొట్టేయమంది.

"ఉండనియ్యండే," అంది ఇర్యా. "చదువుతుంటే బాగుంది."

తన చేత్తోనే రాసింది. గుండ్రటి అక్షరాలు. మిగతా రూల్సుకన్నా దాన్నే శ్రద్ధగా రాసిందని నాకిప్పుడు అనిపిస్తుంది, అప్పుడు గమనించానో లేదో చెప్పలేను.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆడవాళ్ళకి నిజంగానే జీతాలిచ్చే లీగు వచ్చింది. మొదటి ఆట టీవీలో వస్తుంటే ఇర్యా ఇంట్లో చూశాం. అది కూర్చోలేదు. టీవీ ముందు మోకాళ్ళు వంచి నిలబడే ఉంది, అడ్డం తప్పుకోవే అంటే వినిపించుకోదు. ఏటికేడూ కొత్త ఊళ్ళు చేరాయి, కొత్త జట్లు వచ్చాయి. మా వీధిలో ఆడపిల్లలు ఆడవాళ్ళ పేర్లున్న చొక్కాలేసుకుని తిరగడం మొదలుపెట్టారు. నేను సంతోషించాను. కుళ్ళుకున్నాను కూడా, దాచడమెందుకు. అంత కుళ్ళు ఎందుకొచ్చిందో ఆ పిల్లల మొహాలు చూస్తే అర్థమయ్యేది కాదు.

ఆ లీగు వాళ్ళు సొంత జట్టు లేని ఊళ్ళకి కూడా ఒక్కో ఆట తీసుకెళ్తుంటారు. పోయిన ఫిబ్రవరిలో మా ఊరొచ్చింది. టికెట్లు ఒక్క పూటలో అయిపోయాయి. వచ్చిన జట్లకి తలా ఇద్దరు గోల్‌కీపర్లు ఉంటారు. అయినా ఎందుకైనా మంచిదని స్థానికంగా ఒకర్ని సిద్ధంగా ఉంచమంటారు, ఏ జట్టుకి అవసరమైతే ఆ జట్టుకి. రింక్ మేనేజరు ఇర్యా పేరిచ్చాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. సామానంతా కారు డిక్కీలో పెట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చుని పాప్‌కార్న్ తింటోంది.

మధ్యాహ్నం రెండింటికి ఆట. ఒంటిగంటన్నరకి లీగు తరఫున ఒకాయన మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. ఒక జట్టులో రెండో కీపర్‌కి పొద్దున్నుంచీ వాంతులట, బెంచీ మీద ఎవరో ఒకరు ఉండాలి, ఈ ఒక్క రోజుకి ఒప్పందం, మీరు సంతకం పెడతారా అన్నాడు. ఇర్యా నా వైపు చూసింది. దాని వేళ్ళకి వెన్న అంటుకుని ఉంది, నా కోటుకే తుడిచేసుకుంది. రాయడానికి బల్ల లేదు. వెనక్కి తిరగవే అని, కాగితం నా వీపు మీద పెట్టి సంతకం చేసింది. కోటు మీంచి కూడా పెన్ను గట్టిగా తగిలింది. ఉన్నది ఒకే కాగితం, ఆయన మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. నాకొకటి ఇస్తారా అని అడగడానికి ఇర్యాకి మొహమాటం.

తర్వాత జరిగిందేమీ లేదు. మూడు భాగాల ఆటా బెంచీ చివర కూర్చుంది, ఆటగత్తెలు లోపలికీ బయటికీ పోతుంటే చిన్న తలుపు తీసి పట్టుకుంది. వీపు మీద పేరు లేని చొక్కా ఇచ్చారు. చివరి భాగంలో వాళ్ళ కీపర్ మోకాలు పట్టుకుని పడిపోయింది. అప్పుడు మా ఊరంతా లేచి ఇర్యా ఇర్యా అని కేకలు పెట్టింది. ఇర్యా హెల్మెట్ చేతిలోకి తీసుకుని సగం లేచింది. ఆ పిల్ల లేచి నిలబడి, బాగానే ఉన్నానని చెయ్యూపింది. ఇర్యా మళ్ళీ కూర్చుంది. పైసా ఇవ్వలేదు, చొక్కా ఉంచుకోమన్నారు. కార్లో ఇంటికొస్తూ అడిగాను, సంతోషమేనా అని. "నేను ఆడినట్టా, ఆడనట్టా?" అని నన్నే తిరిగి అడిగింది.

ఏప్రిల్లో మా లీగు సెమీఫైనల్, బెవ్ వాళ్ళతో. పది నిమిషాల్లో ఆటనగా బెవ్ మా గదిలోకి వచ్చింది, చేతిలో ఇర్యా రాసిన ఆ పాత రూల్సు పుస్తకం. తొమ్మిదో రూలు అంది. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. సిగ్గులేదా, గెలవడానికి ఇంతకు దిగజారుతావా, మొన్నటిదాకా దాని బస్సులోనే కదే నీ పిల్లలు బడికెళ్ళింది అని కడిగేశాను. ఇర్యా మాత్రం కాళ్ళకి కట్టుకున్న ప్యాడ్లు ఒక్కొక్కటే విప్పేసింది. ఆట వారం వాయిదా వేసి, బుధవారం సాయంత్రం రింక్ మేడమీద గదిలో సమావేశం పెట్టాం.

పన్నెండు మందిమి వచ్చాం. బల్ల మధ్యలో గులాబీ రంగు తీపి పూత రాసిన, మా ఊళ్ళో పర్షియన్లనే బన్నులు, ఎవరూ ముట్టుకోలేదు. గంటన్నర కొట్టుకున్నాం. జీతం తీసుకోలేదు కాబట్టి ప్రొఫెషనల్ కాదంది ఒకతి. రూల్లో జీతం మాటే లేదు, సంతకమే ఉందంది ఇంకోతి. మంచు మీద కాలు పెట్టలేదు కదా అంటే, గెలిస్తే బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి కూడా కప్పు ఇస్తారు కదా అన్నారు. కాగితం ఏదీ, చూపించండి అంటే కాగితం లేదు. సంతకం పెట్టడం ఎవరైనా చూశారా అని అడిగారు. చూడలేదు, నా వీపు మీదే పెట్టింది అని చెప్పాల్సొచ్చింది. ఒక్కో మాట విన్నప్పుడల్లా అదే సరైందనిపించేది, రెండో మాట వినగానే ఇదీ సరైందే అనిపించేది. ఇర్యా కిటికీ దగ్గర కూర్చుని కిందనున్న ఖాళీ మంచు వైపు చూస్తోంది.

చివరికి బెవ్ లేచింది.

"గెలవడానికే తెచ్చానే ఈ పుస్తకం, అబద్ధమాడను. కానీ మూడు రోజులుగా తల బద్దలవుతోంది. ఈ రూలు ఇర్యా మీద పడదని తేల్చాలంటే, అది ప్రొఫెషనల్ కాదని మన పుస్తకంలో రాయాలి. నాకు చెయ్యి రావట్లేదు. మీలో ఎవరైనా రాయండి, నేను నోరు మూసుకుంటాను."

పెన్ను బల్ల మీద పెట్టింది. ఎవరూ తియ్యలేదు. నేను తీశాను. నాకు ఇర్యా ఆడడం కావాలి, అంతే, నాకు ఇంకేం అక్కర్లేదు. ఆదివారం ఆరున్నరకి అది గోల్ దగ్గర లేకపోతే నేను ఎందుకు లేవాలి? 'ఇర్యా సారెలా' అని రాశాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. బ్యాంకులో ఆ కౌంటరు, ఆ కొట్టివేత గుర్తొచ్చాయి. ఇప్పుడు కొట్టేసేది నేను. పెన్ను కింద పెట్టేశాను. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు.

సరే, చేతులెత్తండి, రూలు పడుతుందనేవాళ్ళు ఎంతమంది అంది బెవ్. ఒక్క చెయ్యే లేచింది. కిటికీ దగ్గర. ఇర్యాది.

అది చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఎత్తారు. అందరికన్నా ఆఖర్న నేను. ఎత్తుతూ దాని మొహం చూశాను, ఏమైనా తెలుస్తుందేమోనని. ఏమీ తెలీలేదు.

"తీర్మానం కాపీ నాకొకటి కావాలి," అంది ఇర్యా. "ఈ రోజే కావాలి."

పోస్టులో పంపుతాలే అని ఎవరో అన్నారు. ఊహూ, ఇప్పుడే అంది. మొహమాటపడలేదు. బెవ్ కింద ఆఫీసులోకెళ్ళి టైపు చేసి తెచ్చింది. ఇర్యా సారెలా ప్రొఫెషనల్ గోల్‌కీపర్ అయినందువల్ల మూడేళ్ళు ఈ లీగులో ఆడడానికి అనర్హురాలు, అని ఉంది. కింద మా పన్నెండు మంది సంతకాలు. ఇర్యా నిలబడే రెండుసార్లు చదువుకుంది. మడవలేదు. నలగకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగింది, తలుపు నేను తీసి పట్టుకున్నాను. ఇప్పుడది వాళ్ళ ఫ్రిజ్ మీద, చేప బొమ్మ అయస్కాంతం కింద ఉంది. పాలు తీయడానికి వెళ్ళినప్పుడల్లా అది చదవడం నేను చూశాను.

సెమీఫైనల్ తొమ్మిది ఒకటితో ఓడిపోయాం. గోల్ దగ్గర ఎవరూ నిలబడనన్నారు, అందుకని నన్ను నిలబెట్టారు. ఇర్యా ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆరున్నరకల్లా వస్తుంది, నా వెనక గాజు గోడకి అవతల నిలబడి, నేను తప్పు చేసినప్పుడల్లా పిడికిలితో కొడుతుంది. పొద్దస్తమానం కొడుతూనే ఉంటుందన్నమాట. పోయిన వారం ఆట మధ్యలో ఆగినప్పుడు గాజు దగ్గరికెళ్ళి అడిగేశాను. నిజం చెప్పవే, నీకు బాధగా ఉందా, సంతోషంగా ఉందా అని.

గాజు మీద పట్టిన ఆవిరిని చేత్తో తుడిచింది.

"తెలీట్లేదే మార్నీ," అంది. "మూడేళ్ళుందిగా, తేల్చుకుంటాను."

అని మళ్ళీ గాజు మీద కొట్టింది, ఆట మొదలైందని, ముందుకు చూడమని, బిళ్ళ వస్తోందని.